చెన్నైలో బస: పని తెలిశాకే పేట

నెల్లూరు, ఒంగోలు, కడప, గుంటూరు వైపుల నుంచి చెన్నైకి బయలుదేరే బంధుమిత్రులు రైలు టికెట్టు ఖాయం కాగానే ఫోను చేసి నన్ను అడిగే మొదటి మాట, సెంట్రల్ స్టేషను దగ్గర మంచి లాడ్జి ఏదైనా చెప్పమని. పశ్చిమ మాంబళంలో కాపురముంటూ ఈ ఊరి రోడ్లనూ రైళ్ళనూ రోజూ వాడుకునే నేను, జవాబు చెప్పే ముందు వాళ్ళను ఒక విషయం అడిగి తెలుసుకుంటాను: మరునాడు పొద్దున్న మొట్టమొదట చేరుకోవలసిన చోటు ఏది, ఎన్ని గంటలకు చేరుకోవాలి? ఆసుపత్రిలో ఏడున్నరకు టోకెను తీసుకోవాలా, కాలేజీలో తొమ్మిదింటికి అడ్మిషను పని ఉందా, లేక పెళ్ళి చీరల కోసం దుకాణం తెరిచే వేళకు వెళ్తే చాలునా అన్నది తేలితే, ఏ పేటలో దిగాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. గది అద్దె, ఏసీ, ఉదయం ఫలహారం ఉచితమా కాదా అన్నవి ఆ తరువాత చూసుకోవలసినవి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, అద్దె చూసి గది తీసుకున్నవాళ్ళు రోజులో సగం రోడ్డు మీదే పోగొట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను కనుక, నాకు తెలిసిన సంగతులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు ఈ ఊరి ఆకారం తెలియాలి. హైదరాబాదు వలె నాలుగు దిక్కులకూ పెరగడానికి చెన్నైకి వీలు లేదు. తూర్పున సముద్రం ఉంది. కాబట్టి నగరం తీరం వెంట ఉత్తరాన ఎన్నూరు నుంచి దక్షిణాన షోళింగనల్లూరు దాటి పొడుగ్గా సాగింది. ఆ మీదట పడమటికి పూందమల్లి వైపు విస్తరించింది. 2011లో చుట్టుపక్కల పురపాలక సంఘాలను కలిపినప్పుడు నగరపాలక సంస్థ విస్తీర్ణం 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. అంతటితో ఆగలేదు. తాంబరం, ఆవడి ఇప్పుడు వేరే నగరపాలక సంస్థలే అయినా, హోటళ్ళవాళ్ళకూ ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లకూ అవన్నీ చెన్నైయే. మహాబలిపురం వెళ్ళే దారిలోని రిసార్టు కూడా చెన్నై అన్న పేరుతోనే తెర మీద కనిపిస్తుంది. ఒక్క బీచ్ స్టేషను నుంచి తాంబరం వరకే రైలు దారి 29 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఉదయం తొమ్మిది గంటల వేళ రోడ్డు మీద దాటడానికి ఎంతసేపు పడుతుందో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా కచ్చితంగా చెప్పలేరు.

అందుకే నా లెక్కలో మొదటి సూత్రం పనికి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో దిగడం, అది కుదరకపోతే పని ఉన్న చోటికి నేరుగా వెళ్ళే పట్టాల పక్కన దిగడం. ఈ ఊళ్ళో పట్టాలు మూడు రకాలు. మొదటిది మెట్రో. 2015లో మొదలైన దీనికి ప్రస్తుతం రెండు ప్రధాన మార్గాలున్నాయి: నీలి రంగు మార్గం ఉత్తరాన విమ్కో నగర్ నుంచి సెంట్రల్, అన్నా సాలై, సైదాపేట, గిండీ మీదుగా విమానాశ్రయానికి వెళ్తుంది, ఆకుపచ్చ మార్గం సెంట్రల్ నుంచి ఎగ్మోరు, అన్నానగర్, కోయంబేడు, వడపళని మీదుగా ఆలందూరు, సెయింట్ థామస్ మౌంట్ చేరుతుంది. రెండోది సబర్బన్ రైలు. బీచ్ స్టేషను నుంచి ఎగ్మోరు, నుంగంబాక్కం, మాంబళం, గిండీ, తాంబరం మీదుగా చెంగల్పట్టు వరకు వెళ్ళే ఈ రైలు నగరానికి వెన్నెముక. సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ ప్రాంగణం నుంచి గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట వైపు ఒక దారి, అరక్కోణం వైపు ఒక దారి ఉన్నాయి. మూడోది ఎం.ఆర్.టి.ఎస్. అనే పై వంతెన రైలు. బీచ్ నుంచి చేపాకం, మైలాపూరు, అడయారు పక్కగా వేళచ్చేరికి పోతుంది. ఈ మూడింటిలో ఏదో ఒక స్టేషనుకు పది నిమిషాల నడక దూరంలో ఉన్న గది, అంతకంటే అందమైన దూరపు గది కంటే నా దృష్టిలో ఎప్పుడూ మేలే. మెట్రో రెండో దశ కోసం ఆర్కాడు రోడ్డు, ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు), మైలాపూరు, పానగల్ పార్కు వంటి చోట్ల తవ్వకాలు మొదలైన నాటి నుంచి ఆటోవాళ్ళే దారులు వెతుక్కునే పరిస్థితి వచ్చింది కనుక, పట్టాల విలువ మరింత పెరిగింది.

చిరునామాల సంగతి కూడా చెప్పాలి. ఓ.ఎం.ఆర్. మీద హోటలు అంటే ఏమీ చెప్పనట్టే. ఆ రోడ్డు అడయారు దగ్గర మొదలై మహాబలిపురం దిశగా పదుల కిలోమీటర్లు సాగుతుంది. అన్నా సాలై, జి.ఎస్.టి. రోడ్డు, పూందమల్లి హైరోడ్డు కూడా అటువంటివే. పాత వీధుల్లో ఒకే ఇంటికి పాత నంబరు, కొత్త నంబరు అని రెండు ఉంటాయి. డ్రైవరుకు ఒకటి చెబితే అతడు రెండోదాని దగ్గర దింపిన సందర్భాలు నాకు తెలుసు. గది ఖాయం చేసుకునేటప్పుడు రోడ్డు పేరుతో తృప్తి పడకుండా, దగ్గరి మెట్రో లేదా రైలు స్టేషను ఏది, దగ్గరి బస్సు స్టాపు పేరేమిటి అని అడగండి. ఆ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే లాడ్జి సాధారణంగా జనం రాకపోకలున్న చోటే ఉంటుంది. బీచ్ స్టేషను పేరు చూసి సముద్రం ఒడ్డున దిగుతామనుకోకూడదు. అది పారిస్ కార్నరు పక్కన, ఓడరేవు ఎదుట ఉన్న స్టేషను.

ఇక పనుల విషయానికి వస్తే, మనవాళ్ళు ఈ ఊరికి వచ్చే కారణాల్లో నా మనసు ఎక్కువగా పట్టి ఉండేది వైద్యం. సీమ జిల్లాల నుంచీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచీ తరతరాలుగా పెద్ద జబ్బుకు మద్రాసే దిక్కు. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో గ్రీమ్స్ రోడ్డులో అపోలో ఆసుపత్రిని ప్రారంభించారు. నుంగంబాక్కం కాలేజీ రోడ్డులోని శంకర నేత్రాలయ 1978 నాటిది. ముత్తులక్ష్మి రెడ్డి సంకల్పంతో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. విజయా స్టూడియో అధినేత బి. నాగిరెడ్డి స్థాపించిన విజయా ఆసుపత్రి వడపళనిలో ఉంది. సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, ఎగ్మోరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి, పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. ఇవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి కావు. గ్రీమ్స్ రోడ్డుకు వెళ్ళేవాళ్ళు థౌజండ్ లైట్స్ మెట్రో చుట్టుపక్కల, కాలేజీ రోడ్డుకు వెళ్ళేవాళ్ళు ఎగ్మోరు లేదా నుంగంబాక్కం స్టేషన్ల దగ్గర, అడయారుకు వెళ్ళేవాళ్ళు కస్తూరిబా నగర్ ఎం.ఆర్.టి.ఎస్. దగ్గర దిగడం న్యాయం. పోరూరులో శ్రీరామచంద్ర ఆసుపత్రికీ, పెరుంబాక్కం వైపు ఆసుపత్రులకూ వెళ్ళేవాళ్ళు ఆ ఊళ్ళలోనే గది చూసుకోవాలి. నగరం మధ్యలో దిగి అక్కడికి రోజూ వెళ్ళి రావడం ఆరోగ్యవంతులకే కష్టం.

రోగితో వచ్చేవాళ్ళు గమనించవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి. ఆసుపత్రిలో చేర్చుకున్న తరువాత రాత్రి రోగి దగ్గర ఉండడానికి సాధారణంగా ఒక్క అటెండరునే అనుమతిస్తారు. వెంట వచ్చిన మిగతా ఇద్దరు ముగ్గురికి చోటు కావాలి. ఆ గది ఆసుపత్రికి నడక దూరంలో ఉంటే, రాత్రి మందు తెమ్మన్నా, రక్తం కోసం సంతకం పెట్టమన్నా పది నిమిషాల్లో మనిషి వెళ్ళగలడు. గ్రీమ్స్ రోడ్డు చుట్టూ ఉన్న సందుల్లో వంట వసతితో రోజు అద్దెకు గదులు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. బెంగాలు నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చే రోగుల కోసం అక్కడ బెంగాలీ బోర్డులు కూడా కనిపిస్తాయి. పథ్యం వండి పెట్టవలసిన రోగికి ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు, ఒక చిన్న ఫ్రిజ్ ఉన్న గది, నక్షత్రాల హోటలు కంటే ఎన్నో రెట్లు ఉపయోగం. మోకాలి ఆపరేషనుకో, కంటి ఆపరేషనుకో వచ్చిన పెద్దవాళ్ళ విషయంలో లిఫ్టు నిజంగా పనిచేస్తుందా, కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకు కూడా అందుతుందా, కుర్చీ మాదిరి కమోడు ఉందా, స్నానాల గదిలో గడప ఎత్తు ఎంత అని ఫోనులో అడిగి తెలుసుకోవాలి. ఫొటోలలో ఇవేవీ కనిపించవు.

డిశ్చార్జి రోజు గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఉదయం డాక్టరు వచ్చి ఇక ఇంటికి వెళ్ళవచ్చు అన్న తరువాత బిల్లు తయారై, బీమా కంపెనీ అనుమతి వచ్చి, మందుల లెక్క తేలేసరికి సాయంత్రం అవుతుంది. ఆ రాత్రికే రైలు పెట్టుకుని, గది ఖాళీ చేసి, సామాన్లతో ఆసుపత్రి వరండాలో కూర్చున్న కుటుంబాలను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. గదిని ఇంకొక రాత్రికి ఉంచుకోండి. ఆపరేషను అయిన మనిషి ఒక రాత్రి మంచం మీద స్థిమితంగా పడుకుని, మరునాడు బయలుదేరడానికి పెట్టే ఖర్చు ఏ విధంగానూ వృథా కాదు.

ఈ చోటే చుట్టాలింటి ప్రస్తావన చేయాలి. చెన్నైలో తెలుగువాళ్ళకు ఎక్కడో ఒకచోట పెద్దనాన్నగారి అబ్బాయో, మేనమామ కూతురో ఉంటారు. వాళ్ళింట్లో దిగకుండా లాడ్జిలో దిగితే ఏమనుకుంటారో అన్న సంకోచం మనకు ఎక్కువ. మా మేనత్తగారు వైద్యానికి వచ్చినప్పుడు ఇంటి పెద్దలు ఆసుపత్రి పక్కన గది చూడడానికి ఇష్టపడక, నగరం మరో కొసలో ఉన్న బంధువుల ఇంట్లో దింపారు. ఆ ఇంటివాళ్ళ ఆదరణలో ఏ లోపమూ లేదు. కాని తెల్లవారుజామున లేచి పరగడుపున రక్త పరీక్షకు గంటన్నర కారులో కూర్చోవడం, సాయంత్రం రద్దీలో తిరిగి రావడం ఆవిడకు జబ్బు కంటే ఎక్కువ బాధ పెట్టాయి. రెండు పడక గదుల ఫ్లాటులో పిల్లల పరీక్షల మధ్య, ఆఫీసు వేళల మధ్య ఆ ఇంటి ఇల్లాలు పడిన శ్రమ కూడా తక్కువది కాదు. అప్పటి నుంచి నేను దగ్గరవాళ్ళకు నిర్మొహమాటంగా చెబుతున్నాను: ఇల్లు ఆసుపత్రికి దగ్గరైతే మా ఇంటికే రండి, కాకపోతే ఆసుపత్రి పక్కన గది తీసుకోండి, క్యారియరులో అన్నం నేను పంపిస్తాను, పని ముగిశాక ఆదివారం మా ఇంట భోజనం చేసి వెళ్ళండి. ఈ మాట ముందుగా అతిథి నోట వస్తే ఇంకా మంచిది. "అక్కయ్యా, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాలి కనుక అక్కడే గది చూసుకున్నాం, వెళ్ళే ముందు మీ ఇంటికి తప్పకుండా వస్తాం" అని చెబితే నొచ్చుకునే అక్కయ్యలు తక్కువ.

పెళ్ళి బట్టలకూ నగలకూ వచ్చేవాళ్ళకు త్యాగరాయనగర్ తప్ప మరో పేట చెప్పను. మన భాషవాళ్ళకు దగ్గరైన పేర్లతో నిండిన పేట అది: జస్టిస్ పార్టీ నాయకులు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద ఊరు, 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉన్న పానగల్లు రాజా పేరు మీద పార్కు. పాండీ బజారు, ఉస్మాన్ రోడ్డు, రంగనాథన్ వీధి అన్నీ నడిచి తిరగవలసినవే. కారు తెచ్చుకుంటే నిలపడానికి చోటు దొరకదు. కొన్న చీరల సంచులు గదిలో పెట్టి మళ్ళీ బజారుకు వెళ్ళగలగడం ఎంత సుఖమో రెండు మూడు కుటుంబాలు కలిసి పెళ్ళి సామాను కొన్నప్పుడు తెలుస్తుంది. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది, జి.ఎన్. చెట్టి రోడ్డులో పద్మావతి అమ్మవారి ఆలయానికి 2023లో కుంభాభిషేకం జరిగింది. మాంబళం రైలు స్టేషను నుంచి బస్సు స్టాండు వరకు 2023లో స్కైవాక్ కూడా వచ్చింది కనుక, రంగనాథన్ వీధి జనసమ్మర్దంలో పడకుండా స్టేషను చేరవచ్చు. అయితే దీపావళి ముందు మూడు వారాలు, ఆషాఢం తగ్గింపు అమ్మకాల రోజులు ఈ పేటలో నిద్ర పట్టేవి కావు. చిన్నపిల్లలు వెంట ఉంటే ఆ రోజుల్లో సైదాపేట లేదా నందనం మెట్రో దగ్గర దిగి, పగటిపూట బజారుకు వచ్చి వెళ్ళడం మేలు.

వ్యాపారం కోసం సరుకు కొనడానికి వచ్చేవాళ్ళ సంగతి వేరు. గోడౌన్ వీధిలో బట్టలు, మింట్ వీధి, షావుకారుపేట, గోవిందప్ప నాయకన్ వీధిలో టోకు సామాను కొనేవాళ్ళకు సెంట్రల్, పారిస్ పరిసరాల లాడ్జీలే సరైనవి. కోమట్ల కుటుంబాలు జార్జిటౌనులో ఎంత కాలం నుంచి ఉన్నాయో అక్కడి కన్యకా పరమేశ్వరీ దేవస్థానమే సాక్ష్యం. ఆ ఇరుకు సందులలో ఆడవాళ్ళతో, పిల్లలతో నాలుగు రోజులు ఉండడానికి మాత్రం నేను సలహా ఇవ్వను.

కాలేజీల్లో చేరే పిల్లల తల్లిదండ్రులు సెంట్రల్లో దిగి అక్కడే గది తీసుకోవడం ప్రతి వేసవిలో చూస్తాను. ఎస్.ఆర్.ఎం. కాట్టాంకొళత్తూరులో ఉంది, సెంట్రల్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. దాని ఎదుటే పోత్తేరి సబర్బన్ స్టేషను ఉంది కాబట్టి, తాంబరం లేదా గూడువాంచేరిలో దిగినవాళ్ళు కొద్దిసేపటిలో చేరుకుంటారు. హైదరాబాదు నుంచి వచ్చే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరం వరకు వెళ్తుంది కనుక అక్కడే దిగవచ్చు. వి.ఐ.టి. వండలూరు నుంచి కేళంబాక్కం వెళ్ళే రోడ్డులో ఉంది. సత్యభామ, హిందుస్తాన్ ఓ.ఎం.ఆర్. మీద ఉన్నాయి, అటు రైలు లేదు కనుక షోళింగనల్లూరు, నావలూరు, కేళంబాక్కం వంటి చోట్లే గది చూసుకోవాలి. ఐ.ఐ.టి.కీ, అన్నా విశ్వవిద్యాలయానికీ గిండీ, అడయారు సరిపోతాయి. సిరుసేరి, షోళింగనల్లూరు కంపెనీలలో పనిచేసే పిల్లలను చూడడానికి వచ్చే తల్లిదండ్రులు వాళ్ళ పేయింగ్ గెస్టు వసతిలో సర్దుకోవాలని చూడకుండా, ఆ దగ్గరలోనే రెండు రోజులకు సర్వీసు అపార్టుమెంటు తీసుకుంటే పిల్లలే వచ్చి మీ చేతి వంట తిని పోతారు.

సముద్రం చూడాలని వచ్చేవాళ్ళకు ఒక నిజం ముందుగా చెప్పాలి. మెరీనా ఎదుట హోటళ్ళ వరస ఉంటుందని ఊహించుకుంటారు. కాని ఆ రోడ్డు వెంట ఉన్నవి విశ్వవిద్యాలయం, ప్రెసిడెన్సీ కాలేజీ, పోలీసు ప్రధాన కార్యాలయం, వివేకానందర్ ఇల్లం, ఆకాశవాణి. బీచ్‌కు దగ్గర అని రాసుకునే లాడ్జీలు ఆ భవనాల వెనక తిరువల్లిక్కేణి సందుల్లో ఉంటాయి. ఒంటరిగా వచ్చే మగవాళ్ళకు అక్కడి మాన్షన్లు (ఒంటి గదుల వసతి గృహాలు) చవక. పార్థసారథి స్వామి కోవెల, చేపాకం క్రికెట్ మైదానం నడక దూరం. కుటుంబంతో వచ్చి, పొద్దున్నా సాయంత్రం ఒడ్డున నడవాలనుకుంటే బెసెంట్ నగర్, తిరువాన్మియూరు ఎంచుకోండి. ఒడ్డునే అష్టలక్ష్మి కోవెల ఉంది, వీధులు వెడల్పు, చెట్ల నీడ ఎక్కువ. మెరీనాలో స్నానానికి దిగడం నిషిద్ధం, అలల కింద లాగుడు ప్రాణం తీస్తుంది. పిల్లలకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి. మహాబలిపురం చూడాలనుకునేవాళ్ళు ఒక రాత్రి అక్కడే ఉండడం మంచిది. చెన్నై గది నుంచి పొద్దున్నే బయలుదేరి ఎండ నెత్తికెక్కే వేళకు చేరడంలో ఆనందం లేదు.

మైలాపూరు గురించి మాట్లాడేటప్పుడు నేను నిష్పక్షపాతంగా ఉండలేను. కపాలీశ్వరుని కోవెల మాడ వీధులు, పొట్టి శ్రీరాములుగారు 1952లో ప్రాణత్యాగం చేసిన స్థలంలోని స్మారక భవనం, తెల్లవారుజామున ఇడ్లీ పొగలు కక్కే చిన్న హోటళ్ళు, వీటన్నిటి మధ్య రెండు రోజులు ఉండగలిగితే ఈ నగరం పాత మనసు తెలుస్తుంది. డిసెంబరు సంగీతోత్సవానికి వచ్చే రసికులైతే మైలాపూరు, ఆళ్వారుపేట తప్ప వేరే చోట దిగవద్దు. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ టి.టి.కె. రోడ్డులోనే ఉన్నాయి. మధ్యాహ్నం కచేరీ ముగించుకుని గదికి వచ్చి ఒక గంట నడుము వాల్చి, సాయంత్రం త్యాగరాజ కృతులు వినడానికి మళ్ళీ వెళ్ళగలగడమే అక్కడ దిగడంలోని లాభం. ఆ నెల గదులు ముందే నిండిపోతాయి కనుక దసరాకే చూసి పెట్టుకోవాలి.

కాలాన్ని బట్టి కూడా పేట మారుతుంది. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2015 డిసెంబరు మొదట్లో అడయారు నది పొంగి కోట్టూరుపురం, సైదాపేట ఒడ్డులు మునిగాయి, విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2023 డిసెంబరులో, ఆ తరువాత బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను సమయంలో వేళచ్చేరి, పళ్ళికరణై, పెరుంబాక్కం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. దక్షిణాన ఉన్న ఈ ప్రాంతాల్లో చాలా భాగం చిత్తడి నేల చుట్టూ పెరిగినవి; నీరు పోవలసిన దారిలోనే ఇళ్ళు లేచాయి. త్యాగరాయనగర్ సైతం 1920లలో మాంబళం చెరువు పూడ్చి కట్టిన పేటే కనుక గట్టి వానకు కొన్ని వీధుల్లో నీళ్ళు నిలిచిపోతాయి. ఆ మూడు నెలల్లో రావలసి వస్తే కింది అంతస్తు గది వద్దు, వేళచ్చేరి వైపు తప్పనిసరి పని లేకపోతే వద్దు, మెట్రో పక్కన గది అయితే మంచిది. బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు వంతెన కింద నీరు ప్రమాద మట్టం చేరితే సెంట్రల్ రైళ్ళను ఆపడమో, వేరే స్టేషనుకు మార్చడమో చేస్తారు. బయలుదేరే ముందు రైలు స్థితి చూసుకోవాలి.

వేసవిలో సముద్రపు గాలి మధ్యాహ్నానికి తీరం దగ్గరి పేటలను చల్లబరుస్తుంది. పడమటి పేటలకు అది ఆలస్యంగా, బలహీనంగా చేరుతుంది. మే నెల అగ్నినక్షత్రం రోజుల్లో ముసలివాళ్ళతో వచ్చేవాళ్ళకు అడయారు, మైలాపూరు గదులు ఊపిరి తీసుకోనిస్తాయి. ఎండాకాలంలో నీళ్ళ గురించి కూడా అడగండి. 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చిన ఊరు ఇది. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో పూండికి వచ్చే కృష్ణా జలాలు ఈ నగరపు దాహం కొంత తీరుస్తున్నాయి. అయినా చాలా లాడ్జీలు లారీ నీళ్ళ మీదే నడుస్తాయి. తీరం దగ్గరి బోరు నీళ్ళు ఉప్పగా ఉండి సబ్బు నురగ రాదు. తాగడానికి క్యాను నీళ్ళు గదిలో పెడతారా, రోజంతా కుళాయి వస్తుందా అన్నవి మొహమాటపడకుండా అడగవలసిన ప్రశ్నలు.

గది సమయం లెక్క మరో ముఖ్య విషయం. మనవైపు రైళ్ళు చాలావరకు తెల్లవారుజామున చేరుతాయి. మధ్యాహ్నం పన్నెండుకు గది ఇచ్చే హోటలులో ఖాయం చేసుకుంటే, స్నానం చేయకుండానే ఆసుపత్రికి పోవలసి వస్తుంది. దిగిన వేళ నుంచి 24 గంటలు లెక్కించే లాడ్జీలు ఎగ్మోరు కెన్నెట్ సందులోనూ సెంట్రల్ చుట్టుపక్కలా ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క రోజు పనికి వచ్చేవాళ్ళకు అవే అనువు. వచ్చే ప్రతి ఒక్కరి ఆధార్ కార్డు అసలుది చేతిలో ఉండాలి. యాప్‌లో డబ్బు కట్టినా, బయలుదేరే ముందు రోజు లాడ్జికి నేరుగా ఫోను చేసి గది ఉందని మాట తీసుకోండి. ఆటో ఎక్కే ముందు బేరం ఖాయం చేసుకోవాలి, లేదా యాప్‌లో పిలవాలి. ఆడవాళ్ళకు 2021 నుంచి సాధారణ చార్జీ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవారు కూడా ఎక్కవచ్చు.

తిరుగు ప్రయాణానికి చివరి రాత్రి ఎక్కడ ఉండాలన్నది టికెట్టు మీది స్టేషను పేరే నిర్ణయిస్తుంది. ఆంధ్రా వైపు వెళ్ళే ఆర్టీసీ బస్సులు 2018 నుంచి మాధవరం బస్ టెర్మినల్ నుంచి బయలుదేరుతున్నాయి. కోయంబేడుకు వెళ్ళి వెతుక్కోవద్దు. దక్షిణ జిల్లాలకు వెళ్ళే బస్సులు 2023 చివరలో కిళాంబాక్కంకు మారాయి. తెల్లవారుజామున విమానం ఉంటే ఆలందూరు, గిండీ, పల్లావరం వైపు దిగండి. మెట్రో ఉదయం ఐదింటికి గాని మొదలు కాదు. సెంట్రల్ నుంచి ఉదయం ఆరింటి రైలు పట్టుకోవలసినవాళ్ళు మాత్రం మొదట్లో నన్ను అడిగిన ఆ సెంట్రల్ దగ్గరి లాడ్జిలో నిశ్చింతగా ఆ ఒక్క రాత్రి పడుకోవచ్చు. పెరియమేటు వైపు గది తీసుకుంటే సామాన్లతో నడిచే వెళ్ళిపోవచ్చు.